ఫస్ట్ లాన్సర్ స్టాపు

హైదరాబాదులో మాసాబ్‌టాంక్ దాపున ఫస్ట్ లాన్సర్ అని ఒక బస్తీ. దగ్గర్లోనే ఏ.సి. గార్డ్స్. ఏ.సి. అంటే చల్లటి గది కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రమెక్కిన హబ్షీలు. ఫస్ట్ లాన్సర్ కూడా ఒక రిసాలా పేరే. బస్సు కండక్టరు నోట ఆ పేరు వింటూ పెరిగిన మాకు, అది యుద్ధానికి పోయినవాళ్ల పేరని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

1914 నవంబరులో తుర్కీ యుద్ధంలోకి దిగింది. ఖలీఫా పేర జిహాద్ ఫత్వా వెలువడింది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాత్రం ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడమని ముస్లింలను కోరాడు. హైదరాబాదు లాన్సర్లు ఓడెక్కి ఈజిప్టు చేరారు. ఎక్కువమంది మనవాళ్లే. నమాజు చేసుకుని, అవతల నమాజు చేసుకునేవాళ్ల మీదికి ఈటె పట్టాలి. 1915 ఫిబ్రవరిలో తుర్కీ సైన్యం సూయజ్ కాలువ మీదికి వచ్చింది. కాలువ కాపలాలో మన రిసాలా ఉంది.

కాదంటే ఏమయ్యేది? అదే ఫిబ్రవరిలో సింగపూరులో 5వ లైట్ ఇన్‌ఫంట్రీ ముస్లిం సిపాయిలు తిరగబడ్డారు. తమను తుర్కుల మీదికి పంపుతున్నారన్న పుకారు అందుకు ఒక కారణం. 47 మందిని జనం చూస్తుండగా నిలబెట్టి కాల్చారు. కాబట్టి మా సవార్లను నమ్మినబంట్లని పొగడాలన్నా, దీన్‌ను అమ్ముకున్నారని తిట్టాలన్నా మాకు నోరు రాదు. జీతం కోసం పోయారు. ఇంట్లో పొయ్యి వెలగాలి గదా.

1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీదికి దూకింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. అదే బ్రిగేడులోని హైదరాబాదు దళం ఆ దాడిలో లేదు. తోటి ముస్లింల మీదికి పంపడం ఇష్టంలేక వెనక ఉంచారని ఒక మాట చెబుతారు. నిజమే అయితే, నాలుగేళ్లు వాడుకున్నాక కూడా వాళ్ల మీద అనుమానం పోలేదన్నమాట! ఆ ఏడే నిజాంకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు దక్కింది.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. 1915లో హైదరాబాదు స్త్రీల యుద్ధ సహాయ సంఘం వాళ్ల సందర్భంగా సరోజినీ నాయుడు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి గొంతుతో ఇంగ్లీషులో కవిత రాసింది. గొప్ప ఇళ్ల స్త్రీల సంఘం అది. సవారు భార్య ఆ ఇంగ్లీషు చదవగలదా? ఆమెకు మొగుడి ఉత్తరం కూడా ఇంకొకరు చదివి వినిపించాలి. రాసిపెట్టినవాడు ఒక పరాయి, మధ్యలో సెన్సారు ఇంకో పరాయి, చదివినవాడు మూడో పరాయి. ముగ్గురి ముందు ఆ మనిషి ఏం చెప్పుకోగలడు? ఫ్రాన్సుకు పోయిన హిందుస్తానీ సిపాయిల మాటలు ఈనాటికి కొన్నయినా మిగిలాయంటే, సెన్సారువాళ్లు నకలు తీసుకోబట్టే. ఆ యుద్ధంలో సముద్రాలు దాటినవాళ్లు పది లక్షల పైమాటే. చనిపోయినవాళ్లు సుమారు 74 వేలు.

1924లో తుర్కీ ఖిలాఫత్‌నే ఎత్తేసింది. అదే ఏడు ఢిల్లీలో హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు సవార్ల పేర మూడు కంచు బొమ్మలు లేచాయి, తీన్‌మూర్తి అని. 1931లో నిజాం ఆ ఆఖరి ఖలీఫా కూతురు దుర్రెషెహ్వార్‌ను పెద్దకోడలిగా, అదే వంశపు నీలోఫర్‌ను చిన్నకోడలిగా తెచ్చుకున్నాడు. ఎవరి ఫౌజు మీదికి మా సవార్లను తోలారో వాళ్లతోనే వియ్యం!

2018లో ఆ కూడలి పేరు తీన్‌మూర్తి హైఫా చౌక్ అయింది. అప్పటినుంచి సెప్టెంబరు రాగానే మాలో కొందరు ‘మావాళ్లూ ఉన్నారు’ అని చేయెత్తుతున్నారు. దేశభక్తి సర్టిఫికెట్ల వరసలో ఈ చచ్చిపోయినవాళ్లను కూడా నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. వాళ్లు పోయింది దేశం కోసం కాదు, ఖలీఫా కోసమూ కాదు.

ఈ నగరంలో నీలోఫర్ పేర ఆసుపత్రి ఉంది, దుర్రెషెహ్వార్ పేరా ఉంది. సవార్ల పేర బస్సు స్టాపు ఉంది. వాళ్ల కోసం గుమ్మంలో పరదా పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల పేర ఒక గల్లీ కూడా లేదు.