ఆరోగ్య సమాచార వృత్తి నమోదు

ఆసుపత్రి రికార్డులు, రోగాల కోడ్‌లు, డిజిటల్ ఆరోగ్య వివరాలు చూసే ఉద్యోగులను వృత్తి నిపుణులుగా రిజిస్టరులో చేర్చే విధానం. దేశంలో దీనికి ఆధారం 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. దాని షెడ్యూలులోని 10 వర్గాల్లో చివరిది వీరిదే. మెడికల్ రికార్డుల విశ్లేషకులు, క్లినికల్ కోడర్లు, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టులు ఇందులోకి వస్తారు. అనుబంధ వృత్తికి కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. వీరు చూసే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను కేంద్రం 2013లో ప్రకటించి, 2016లో సవరించింది.

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట వంటి కరవు మండలానికి ఈ వృత్తి మరీ అవసరం. బెంగళూరుకు వలస వెళ్లిన కూలీ అక్కడి ఆసుపత్రిలో తన 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబరు చెప్పి, సమ్మతి ఇస్తే, ఊళ్లో రాసిన బీపీ, షుగరు వివరాలు డాక్టరుకు కనిపించాలి. పేరో పుట్టిన తేదీయో తప్పుగా ఎక్కితే ఒకే మనిషికి రెండు రికార్డులు తయారవుతాయి. వాడుతున్న మందు సంగతి కొత్త డాక్టరుకు తెలియకుండా పోతుంది.