ఆఫ్రికా జానపద కథల బొమ్మల పుస్తకాలు

ఆఫ్రికాలోని వేర్వేరు జాతులవారు నోటినోటా చెప్పుకున్న కథలను తీసుకుని, బొమ్మకూ మాటకూ సమానంగా చోటిచ్చి పిల్లల కోసం తయారుచేసిన పుస్తకాలివి. 1960ల చివర్లో అమెరికాలో వీటికి ఊపు వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో నైజీరియా, ఘనా రచయితలు కూడా తమ పిల్లల కోసం తామే పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. అన్నిటినీ కలిపి ‘ఆఫ్రికా కథలు’ అనేయడం అలవాటైపోయింది. కానీ ఘనాలోని అసాంతేల కథ వేరు, కెన్యాలోని నాందీల కథ వేరు. ఏ కథ ఎవరిదో, ఎవరు చెబితే ఎవరు రాసుకున్నారో గుర్తుంచుకుంటేనే ఈ పుస్తకాల చరిత్ర అర్థమవుతుంది.

ఈ కథల్లో చాలావాటిని మొదట కాగితం మీద పెట్టినవారు వలస పాలనలోని ఉద్యోగులు. నాందీల గురించి హోలిస్ 1909లో, దక్షిణ నైజీరియా కథలతో అక్కడి జిల్లా కమిషనర్ ఎల్ఫిన్‌స్టన్ డేరెల్ 1910లో, అసాంతే కథలతో ఆర్.ఎస్. రాట్రే 1930లో పుస్తకాలు వేశారు. రాట్రే పుస్తకానికి గోల్డ్‌కోస్ట్ (నేటి ఘనా) చిత్రకారులే బొమ్మలు గీశారు. ఈ సేకరణలే లేకపోతే తర్వాతి బొమ్మల పుస్తకాల్లో చాలా వరకు వచ్చేవి కావు. అయితే అట్టమీద దొర పేరు నిలిచింది, కథ చెప్పిన ముసలమ్మ పేరు నిలవలేదు. కథ మధ్యలో వచ్చే పాట, డప్పు, ఊ కొట్టే పిల్లల గొంతులు కూడా కాగితం మీదికి ఎక్కలేదు.

అమెరికాలో ఈ కథలకు గిరాకీ పెరగడానికి ఒక కారణం ఉంది. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త, 1962-64 మధ్య వచ్చిన 5,000కు పైగా పిల్లల పుస్తకాలను పరిశీలించి, నల్లజాతివారు కనిపించేవి వాటిలో 6.7 శాతమేనని తేల్చారు. పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. గ్రంథాలయాలు కొత్త పుస్తకాలు అడిగాయి, ప్రచురణకర్తలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. డేరెల్ రాసుకున్న కథల్లో ఒకటి, సూర్యచంద్రులు ఆకాశానికి ఎందుకు చేరారో చెప్పేది, బ్లెయిర్ లెంట్ బొమ్మలతో 1968లో వచ్చింది. నీళ్లను ఇంటికి పిలిచిన సూర్యుడు, చేపలతో సహా నీళ్లన్నీ లోపలికి వచ్చేసరికి ఇంటికప్పు ఎక్కి, అదీ చాలక ఆకాశానికి పోతాడు.

1970లో గెయిల్ హేలీ ‘ఎ స్టోరీ, ఎ స్టోరీ’ వేశారు. ఇందులో అనాన్సి, ఆకాశదేవుడైన న్యామే దగ్గరున్న కథల పెట్టెను సంపాదించడానికి చిరుతపులిని, కందిరీగలను, ఎవరికీ కనబడని ఒక యక్షిణిని ఉపాయంతో పట్టి తెస్తాడు. అనాన్సి అంటే సాలీడు. అసాంతేలు కథలన్నిటినీ సాలీడు కథలనే అంటారు. చెక్కమీద చెక్కి అచ్చొత్తిన ఆ బొమ్మలకు 1971లో కాల్డెకాట్ పతకం వచ్చింది. అమెరికాలో బొమ్మల పుస్తకాలకు అంతకు మించిన గౌరవం లేదు. 1972లో జెరాల్డ్ మెక్‌డెర్మట్ తన యానిమేషన్ చిత్రం ఆధారంగా అనాన్సి కథ మరొకటి తెచ్చారు.

వీటన్నిటిలో దగ్గరగా చూడాల్సిన పుస్తకం 1975 నాటిది: ‘వై మస్కిటోస్ బజ్ ఇన్ పీపుల్స్ ఇయర్స్’. రాసిన వెర్నా ఆర్డెమా మిషిగన్ రాష్ట్రంలో బడి పంతులమ్మ, పత్రికా విలేకరి. కథ చెబితేగాని ముద్ద మింగని కూతురి కోసం ఆమె కథలు అల్లడం మొదలుపెట్టారు. ఈ పశ్చిమాఫ్రికా కథలో దోమ ఒక కోత కోస్తుంది. అది వినలేక ఇగ్వానా అనే పెద్ద బల్లి చెవుల్లో పుల్లలు పెట్టుకుంటుంది. పలకరిస్తే పలకలేదని కొండచిలువ భయపడి కుందేలు బొరియలో దూరుతుంది, కుందేలు పరుగెత్తుతుంది, కాకి అరుస్తుంది, కోతి గెంతుతుంది, కొమ్మ విరిగి గుడ్లగూబ పిల్ల చచ్చిపోతుంది. తల్లి గుడ్లగూబ దుఃఖంలో సూర్యుణ్ని లేపదు. ఇక సింహం సభ పెట్టి ఒక్కొక్కరినే నిలదీస్తే తప్పు వెనక్కి వెనక్కి పోయి దోమ దగ్గర ఆగుతుంది. మన ఏడు చేపల కథలో ఎండని చేప నుంచి చీమ దాకా సాగే విచారణ తెలిసినవారికి ఈ నడక కొత్త కాదు.

బొమ్మలు వేసిన లియో, డయాన్ డిల్లన్ దంపతులు ఆకారాలను కత్తిరించి అతికించినట్టు మధ్యమధ్య తెల్లటి గీతలు వదిలారు. సూర్యుడు రాలేదు గనక సభ జరిగే పుటలన్నీ నల్లని నేపథ్యంలో ఉంటాయి. మాటల్లో ఎక్కడా లేని ఒక చిన్న పిట్ట మాత్రం బొమ్మల్లో అంతా గమనిస్తూ ఉంటుంది. దాన్ని ముందుగా కనిపెట్టేది పిల్లలే. 1976లో ఈ పుస్తకానికి కాల్డెకాట్ వచ్చినప్పుడు ఆ పతకం అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ లియో డిల్లన్. మరుసటి ఏడూ ఆ దంపతులకే వచ్చింది.

ఆష్లీ బ్రయన్ (1923-2022) దారి వేరు. పాత సేకరణల్లో ఎండిపోయి ఉన్న కథకు నల్లజాతి కవిత్వంలోని లయను తిరిగి ఎక్కించడం ఆయన పని. ‘ఇలా’ అనే భాష మాట్లాడేవారి జాంబియా కథను ‘బ్యూటిఫుల్ బ్లాక్‌బర్డ్’ (2003)గా చేసినప్పుడు, తన తల్లి కుట్టుపనికి వాడిన కత్తెరతోనే రంగుకాగితాలు కత్తిరించి బొమ్మలు చేశారు. జాన్ స్టెప్టో ‘ముఫారోస్ బ్యూటిఫుల్ డాటర్స్’ (1987)కు పాత సేకరణలోని చిన్న కథను తీసుకుని, గ్రేట్ జింబాబ్వే శిథిలాలను చదివి, రాతి గోడల నగరాన్ని నిలబెట్టారు. ఆఫ్రికా అంటే పూరిగుడిసెలేనన్న బొమ్మను చెరిపిన పుస్తకమది. రెండేళ్లకే, 38 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు.

నైజీరియాలో నవలాకారుడు చినువా అచెబె పిల్లల పుస్తకాల వైపు వచ్చింది తండ్రిగా. కూతురికి కొన్న దిగుమతి పుస్తకాల్లో జాత్యహంకారం చూసి ఆయన కలవరపడ్డారు. 1967లో కవి క్రిస్టఫర్ ఒకిగ్బోతో కలిసి ఎనుగు నగరంలో సిటడెల్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టారు. జాన్ ఇరోఅగనాచి పంపిన కథను తిరగరాస్తుండగానే నైజీరియా అంతర్యుద్ధమైన బయాఫ్రా యుద్ధం వచ్చింది. ఒకిగ్బో అందులో ప్రాణాలు కోల్పోయారు, ప్రెస్ నాశనమైంది. ‘హౌ ది లెపర్డ్ గాట్ హిజ్ క్లాస్’ చివరికి 1972లో ఎనుగులోనే వెలువడింది. గోళ్లు లేని మంచి రాజైన చిరుతను పళ్లున్న కుక్క తరిమేస్తుంది. మిగతా జంతువులు కుక్క పక్కన చేరతాయి. చిరుత కమ్మరి దగ్గర గోళ్లు, ఉరుము దగ్గర గర్జన సంపాదించి తిరిగొస్తుంది. యుద్ధం చూసినవారి చేతిలో జంతుకథ ఎంత బరువెక్కుతుందో ఇందులో తెలుస్తుంది. ఒకిగ్బో రాసిన పాట కూడా ఇందులోనే ఉంది.

ఘనాలో మెషాక్ అసారే 1970 నుంచి రాస్తూ, బొమ్మలు వేస్తూ వచ్చారు. మాలీకి చెందిన బాబా వాగే డియకిటే మట్టిపలకల మీద బొమ్మలు వేసి పుస్తకాలు చేశారు. 1999లో ఆయన తెచ్చిన టోపీలవాడు-కోతుల కథ తెలుగు పిల్లలకూ బాగా తెలిసినదే.

దక్షిణాఫ్రికాలోని ‘ఆఫ్రికన్ స్టోరీబుక్’ పథకం 2010ల్లో ఆఫ్రికా భాషల కథలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెట్టింది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా వాటిలో కొన్ని తెలుగులోకీ వచ్చాయి. వాటి చివర అనువాదకుల పేరుతో పాటు, మొదట ఆ కథ రాసినవారి పేరూ బొమ్మలు వేసినవారి పేరూ ఉంటాయి.