వెన్నుపూసలు చెప్పిన చరిత్ర

తొడ ఎముక పొడవైనది, మణికట్టు ఎముకలు పొట్టివి, పుర్రె ఎముకలు చదునైనవి. వెన్నుపూసలు ఏ వర్గానికీ ఒదగనివి. ఇది ఆకారాన్నిబట్టి విభజన. నిర్మాణాన్నిబట్టి ఎముకలో పైపొర గట్టిది, లోపలి భాగం స్పంజివలె గుల్లనైనది. విద్యార్థిదశలో ఈ రెండవ విభజనను నేను తేలికగా తీసుకున్నాను. దాని విలువ తెలిపినది తెలుగు పల్లెల బావినీరు.

1937లో షార్ట్ బృందం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోను, 1955లో సిద్దిఖీ మన పాలమూరుకు పొరుగైన నల్లగొండలోను అస్థి ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. అధిక ఫ్లోరైడు తొలుత మార్చేది గుల్లభాగం మెండుగా గల వెన్నుపూసలను, కటి ఎముకలను. ఎక్స్‌రేలో అవి తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, అది బలమనుకోరాదు. ఎముకలను కలిపే బంధకాలు సైతం గట్టిపడి నడుము వంగదు. వెన్నుపాము నలిగితే కాళ్ళు చచ్చుబడతాయి.

శ్రీరంగాపూర్ వారు బోరునీరు త్రాగేటప్పుడు ఒకటి గమనించాలి: ఫ్లోరైడుకు రంగు, వాసన లేవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినదీ లేనిదీ పరీక్షలోనే తేలుతుంది.