పేరులోంచి జారిపోయిన లండన్

ఏటా అక్టోబరులో మా ఇంటికి పన్ను కాగితం వస్తుంది. అందులో అన్నిటికంటే పెద్ద అంకె పక్కన ఉండే పేరు ఒక్క ఊపిరిలో చదవడం కష్టం: వెస్ట్ రస్క్ కౌంటీ కన్సాలిడేటెడ్ ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్. తూర్పు టెక్సస్‌లోని ఈ న్యూలండన్‌కి కాపురానికి వచ్చిన కొత్తలో, డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాబోలు అనుకున్నాను. వెయ్యి మంది లేని ఊరికి జిల్లా ఏమిటని నవ్వుకున్నాను కూడా. ఇది బడి కోసం మాత్రమే గీసిన సరిహద్దు. దీనికి కలెక్టరు లేడు. ఓటర్లు ఎన్నుకున్న ఏడుగురు ట్రస్టీలు ఉంటారు, వాళ్లకు జీతం లేదు. వాళ్లు నియమించుకున్న సూపరింటెండెంట్ ఉంటాడు. రాష్ట్రం పెట్టిన పరిమితుల్లో పన్ను ఎంతో తేల్చేది, బస్సు ఏ దారిన పోవాలో తేల్చేది, టీచర్లను పెట్టుకునేది వీళ్లే. పేరులో కౌంటీ ఉంది గాని కౌంటీ ప్రభుత్వానికి బడి మీద పెత్తనం లేదు.

ఆ పొడుగు పేరులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ‘ఇండిపెండెంట్’. ఒకప్పుడు టెక్సస్ పల్లెబళ్లలో చాలా వాటిని ‘కామన్’ డిస్ట్రిక్టులు అనేవారు. అవి కౌంటీ సూపరింటెండెంట్ చెప్పుచేతల్లో నడిచేవి. ఇండిపెండెంట్ అంటే తన బోర్డు తనది, తన డబ్బు తనది, పైనుంచి అడిగేవాడు లేడు అని. ఆ హోదా మా వాళ్లకు గర్వకారణం. 1937లో ఏం జరిగిందో తెలిశాక ఆ మాటను నేను మునుపటిలా చదవలేకపోతున్నాను.

ఇదంతా ఎర్రమట్టి నేల, పైన్ అడవి. 1930 దాకా ముఖ్యమైన పంట పత్తే. ఆ ఏడాది అక్టోబరులో, ‘డాడ్’ జాయినర్ అని అందరూ పిలిచే ఒక ముసలాయన, డెయిజీ బ్రాడ్‌ఫర్డ్ అనే ఆవిడ పొలంలో తవ్విన మూడో బావిలో చమురు పడింది. అంతకుముందు తవ్విన రెండూ వట్టిపోయినవే. అప్పటికి అమెరికాలో దొరికిన చమురు క్షేత్రాలన్నిటిలోకీ ఇదే పెద్దదని తర్వాత తేలింది. దేశమంతా మాంద్యంలో రొట్టెల కోసం బారులు తీరుతుంటే, ఇక్కడ డేరాలు వేసుకుని జనం దిగిపోయారు. డేరా వెనకాలే పిల్లలూ, పిల్లల వెనకాలే బడీ వచ్చాయి.

మా ఊరిని అప్పుడు లండన్ అనేవారు. టెక్సస్‌లో అప్పటికే మరో లండన్ ఉండటంతో తపాలా వాళ్ల కోసం ‘న్యూ’ చేరింది. 1937 నాటికి ఈ బడి డిస్ట్రిక్టు పరిధిలో పన్ను వేయదగ్గ ఆస్తి విలువ 2 కోట్ల డాలర్లు. అది చాలక, డిస్ట్రిక్టు సొంత స్థలంలోనే 15 చమురు బావులు. అమెరికా పల్లె డిస్ట్రిక్టులన్నిటిలోకీ డబ్బున్నవాటిలో ఇదొకటని పేరు పడింది. 1932లో 10 లక్షల డాలర్లు పోసి ఉక్కూ కాంక్రీటుతో బడి కట్టారు. పైనుంచి చూస్తే ఇంగ్లీషు ‘ఇ’ అక్షరంలా ఉండేది. ఫుట్‌బాల్ మైదానానికి కరెంటు దీపాలు కూడా పెట్టారు. జట్టు పేరు వైల్డ్‌క్యాట్స్. అడవిపిల్లి అనే అర్థం సరే, కొత్త చోట గుడ్డిగా చమురు బావి తవ్వేవాణ్ణి ఇక్కడ వైల్డ్‌క్యాటర్ అంటారు. ఆ వైభవం తెల్లపిల్లలకే. నల్లపిల్లలకు వేరే బళ్లు ఉండాలని టెక్సస్ రాజ్యాంగంలోనే రాసి ఉండేది. 1937 నాటి పత్రికలు లండన్ బడిని ‘కన్సాలిడేటెడ్ స్కూల్’ అనే రాశాయి. చిన్న బళ్లన్నీ ఒక గొడుగు కిందికి చేరాయన్న ఆ మాటలో నల్లపిల్లల బళ్లు లేవు.

ఇంత డబ్బున్న బోర్డు ఒకచోట పొదుపు చేసింది. భవనం గీసినవాళ్లు బాయిలరు పెట్టి ఆవిరితో గదులు వెచ్చబెట్టమన్నారు. బోర్డు కాదని 72 గ్యాస్ హీటర్లు పెట్టించింది. 1937 మొదట్లో మరో అడుగు వేసి, గ్యాస్ కంపెనీతో ఉన్న ఒప్పందం మానుకుని, పక్కనే పోతున్న వేరే గొట్టానికి ప్లంబర్లతో కనెక్షన్ పెట్టించుకుంది. చమురుతో పాటు పైకొచ్చే గ్యాసులోంచి గ్యాసోలిన్ తీసేశాక మిగిలేది ఆ గొట్టంలో పోయేది. కంపెనీలకు అది పనికిరాని సరుకు, ఊరికే మంటపెట్టి వదిలేసేవారు. చుట్టుపక్కల ఇళ్లూ గుళ్లూ కూడా అలాగే వాడుకునేవి కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. బడికి మిగిలింది నెలకు 300 డాలర్లు.

ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. వాలు నేల మీద కట్టడంతో బడి కింద 253 అడుగుల పొడవు, 56 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. ఎక్కడో కీలు దగ్గర కారిన గ్యాసు అందులో నిండుతూ పోయింది. పిల్లలు తలనొప్పి అనేవారట. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1937 మార్చి 18, గురువారం. మర్నాడు హెండర్సన్‌లో బళ్ల పోటీలున్నాయని సెలవు ఇచ్చారు. చిన్న తరగతుల పిల్లలు ముందే ఇళ్లకు వెళ్లిపోయారు. తల్లులు కొందరు పక్క భవనంలో మీటింగులో ఉన్నారు. మధ్యాహ్నం 3:17కి చేతిపనుల మాస్టారు చెక్క నునుపు చేసే మిషన్ స్విచ్చి వేశారు. గోడలు ఉబ్బాయని, కప్పు పైకి లేచి మళ్లీ పడిందని చూసినవాళ్లు చెప్పారు. రెండు టన్నుల కాంక్రీటు దిమ్మ ఎగిరి దూరంగా ఆగివున్న కారు మీద పడింది. లోపల సుమారు 500 మంది పిల్లలు, 40 మంది టీచర్లు ఉన్నారు. చనిపోయినవాళ్లు దాదాపు 300.

శిథిలాలు తీసింది చమురు బావుల కూలీలే. బావుల దగ్గరి క్రేన్లూ లారీలూ తెచ్చుకుని, వానలో రాత్రంతా తవ్వి, 17 గంటల్లో ఇటుక మిగలకుండా ఎత్తేశారు. చాలామంది వెతికింది తమ పిల్లలనే. టైలర్ పట్టణంలో మర్నాడు ప్రారంభించాల్సిన మదర్ ఫ్రాన్సెస్ ఆసుపత్రిని, రిబ్బను కత్తిరించకుండానే ఆ సాయంత్రం తెరిచేశారు. జర్మనీ నుంచి హిట్లర్ పంపిన సంతాప టెలిగ్రాం ఇప్పటికీ మా మ్యూజియంలో ఉంది. దాని ముందు నిలబడినప్పుడల్లా ఏం అనుకోవాలో నాకు తోచదు. శిథిలాల్లో ఒక నల్లబల్ల దొరికింది. చమురూ సహజవాయువూ తూర్పు టెక్సస్‌కు దక్కిన వరాలని, అవి లేకపోతే ఈ బడే ఉండేది కాదని దాని మీద సుద్దతో రాసి ఉంది.

సూపరింటెండెంట్ డబ్ల్యూ.సి. షా కొడుకు కూడా అందులో పోయాడు. అయినా జనం కోపం ఆయన మీదికే మళ్లింది, రాజీనామా చేయక తప్పలేదు. 70కి పైగా కేసులు పడ్డాయి. విచారణ దాకా వెళ్లినవి కొన్నే, అవీ సాక్ష్యం చాలదని కొట్టేశారు. ఎవరిదీ తప్పు కాదన్నట్టే ముగిసింది. బోర్డు తన డబ్బుతో తన బడికి ఏ గొట్టం తగిలించుకోవాలో తనే తేల్చుకుంది. ఆ గొట్టాన్ని వచ్చి చూసి సంతకం పెట్టాల్సిన అధికారి ఒక్కడూ లేడు. స్వతంత్రం అంటే అదే కదా అప్పట్లో.

అదే ఏడాది టెక్సస్ రెండు చట్టాలు చేసింది. ఇంజనీరు అని బోర్డు పెట్టుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలని ఒకటి. గ్యాసులో ఘాటైన వాసన కలపాలని రెండోది. దాన్ని అమలు చేసే పని రైల్‌రోడ్ కమిషన్‌కు అప్పగించారు. రైళ్ల కోసం పుట్టిన ఆ సంస్థే ఇక్కడ చమురునూ గ్యాసునూ చూసుకుంటుంది, టెక్సస్‌లో ఇలాంటివి మామూలే. ఆ తర్వాత మిగతా రాష్ట్రాలూ దేశాలూ అదే దారి పట్టాయి. మన వంటింట్లో గ్యాస్ బండ లీకైతే కుళ్లిన కోడిగుడ్డు లాంటి కంపు కొడుతుందే, అది కూడా కావాలని కలిపిన మెర్కాప్టన్ వాసనే. కాకినాడలో మా అమ్మకు ఈ సంగతి ఫోన్లో చెప్తే చాలాసేపు మాట్లాడలేదు.

పది రోజుల్లో చదువులు మళ్లీ మొదలయ్యాయి. 1939లో పాత చోటుకు వెనకగా కొత్త బడి లేచింది, రోడ్డు మధ్యలో గ్రానైట్ స్మారకస్తంభం నిలిచింది. అయితే ఊరు మాత్రం నోరు విప్పలేదు. బతికి బయటపడినవాళ్లు మొదటిసారి ఒకచోట కలుసుకున్నది 1977లో, నలభై ఏళ్లకు.

ఈలోగా పైనుంచి మరో గాలి వీచింది. 1949 నాటి గిల్మర్-ఐకిన్ చట్టాలు ప్రతి పిల్లవాడికీ ఇంత చదువు తప్పదని లెక్కకట్టి రాష్ట్రం డబ్బు పెట్టేలా చేశాయి. చిన్న డిస్ట్రిక్టులను కలిపేశాయి కూడా. 4,500 ఉన్నవి 2,900 అయ్యాయి. ఇప్పుడు వెయ్యికి కాస్త పైన. మా వంతు 1965లో వచ్చింది. బావి తవ్వడానికి చాలామంది కావాలి గాని, తవ్విన బావిని చూసుకోవడానికి ఇద్దరు చాలు. పిల్లలు తగ్గిపోయారు. లండన్ డిస్ట్రిక్టు, జాయినర్‌విల్‌లోని గాస్టన్ డిస్ట్రిక్టు కలిశాయి. పేరు ఎవరిది ఉంచాలి? ఇద్దరిదీ వద్దని వెస్ట్ రస్క్ అన్నారు. వైల్డ్‌క్యాట్స్ పోయి రెయిడర్స్ వచ్చారు. న్యాయమే అనుకోండి. కాని అంతమంది పిల్లలు ఏ బడిలో పోయారో ఆ బడి పేరు మ్యూజియం బోర్డు మీదికీ స్తంభం మీదికీ చేరిపోయింది. గాస్టన్ వాళ్లకూ జాయినర్‌విల్‌లో ఒక మ్యూజియం ఉంది. అందులో చమురు కూలీ కుటుంబం కాపురమున్న డేరా ఒకటి దాచారు. కలిసిపోయిన రెండు బళ్లకు రెండు మ్యూజియంలు మిగిలాయి.

నల్లపిల్లల సంగతి అంతకన్నా ఆలస్యం. 1970లో టైలర్‌లో కూర్చున్న విలియం వేన్ జస్టిస్ అనే ఫెడరల్ జడ్జి, ఈశాన్య టెక్సస్‌లోని తొమ్మిది నల్లవాళ్ల డిస్ట్రిక్టుల కేసు పట్టుకుని, రాష్ట్రమంతా బళ్లలో వేర్పాటు ఎత్తేయాలని తీర్పిచ్చాడు. ఊళ్లో ఆయన్ను ఇప్పటికీ తిట్టుకునేవాళ్లున్నారు. తిట్టని నన్ను వింతగా చూస్తారు.

మా చుట్టూ ఓవర్టన్, లెవరెట్స్ చాపెల్, కార్లైల్ ఇంకా విడివిడి డిస్ట్రిక్టులే. కలిపితే ఖర్చు తగ్గుతుందని ఎవరైనా అంటే, ఫుట్‌బాల్ జట్టు ఏమవుతుందన్నదే మొదటి ప్రశ్న. 2022లో ఆంధ్రాలో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు మార్చినప్పుడు మావైపు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. అక్కడ జీవో వచ్చింది. ఇక్కడైతే ఓటు పడాలి. అదొక్కటే తేడా, బెంగ ఒకటే.

పోయిన శుక్రవారం సాయంత్రం ఆటకు వెళ్లాం. మా వాడు రెయిడర్స్ చొక్కా వేసుకుని ముందు వరసలో అరుస్తున్నాడు. నా పక్కన ఒక పెద్దావిడ దుప్పటి కప్పుకుని కూర్చుంది. మీరూ ఇక్కడే చదువుకున్నారా అని అడిగాను. మైదానం మీంచి చూపు తిప్పకుండానే, “లేదమ్మా, నేను లండన్‌లో చదివాను” అంది.