గునుగు పూవు - కాలువ నీరు

పూలతో దేవతను పూజించు ఆచారము దేశమంతట కలదు. పూలనే దేవతగా పేర్చి కొలుచుట తెలంగాణమునందలి బతుకమ్మ పండుగ విశేషము. భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమై, ఆశ్వయుజ శుద్ధాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియు ఈ తొమ్మిదినాళ్ల ఉత్సవమునకు పూజారి అక్కరలేదు. కావలసినవి పూలు. ఆ పూలు ఏ నేలనుండి వచ్చుచున్నవో విచారించినచో ఆ సీమ చరిత్రయే తెలియును.

బతుకమ్మలో రెండు తెగల పూలు కలియును. బంతి, చేమంతి, సీతజడ పెరటిలో పెంచినవి. గుమ్మడిపూవు పాదునుండి కోసినది. తంగేడు, గునుగు మాత్రము ఎవరును నాటనివి. తంగేడు గట్లమీదను బీడులోను పొదగా పెరుగును. గునుగు మెట్టపైరుల నడుమ తనంత తానే మొలచు కలుపు మొక్క.

తాంబాళమున గుమ్మడి ఆకులు పరచి, అంచు వెంట తంగేడు పూలను వలయముగా అమర్చుదురు. గునుగు కాడలను సమముగా కోసి, చిన్న కట్టలుగా కట్టి, కొన్నిటిని రంగులలో ముంచి, వరుసపై వరుస పేర్చుదురు. నడిమి ఖాళీని ఆకులతోను, కోయగా మిగిలిన కాడలతోను కూరి గట్టిపరుపకున్న బతుకమ్మ నిలువదు. పైకి పోనుపోను వలయము సన్నగిలి, శిఖరమున గుమ్మడిపూవు నిలుచును. పసుపుముద్దతో చేసిన గౌరమ్మ దానికి తోడు. రైతు చేనినుండి పెరికి పారవేయు గునుగు ఇల్లాలి చేతిలో ఇట్లు పూజార్హమగుచున్నది.

ఈ విషయమున నల్లగొండ జిల్లాలోని హాలియా ప్రాంతము గమనింపదగినది. పూర్వము ఇచట చెరువుల క్రింద వరి పండెడిది. మిగిలినదంతయు వాననే నమ్ముకొన్న చెల్క. 1955 డిసెంబరు 10న నందికొండకడ జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. లాల్‌బహదూర్ కాలువ యనబడు ఎడమకాలువ నీరు పారినచోట చెల్కలు వరిమళ్లైనవి. కరవు సీమకు అన్నము పెట్టిన ఆ నీటిని నిందింపరాదు. అయినను నిలువనీట గునుగు మొలవదు. కాలువ నీరెక్కని మెట్టలోను, కలుపుమందు వాడుక పెరిగినకొలది గునుగుకు చోటు తగ్గుచున్నది.

ఇది మన సీమకే పరిమితమైన మార్పు కాదు. కేరళమున ఓణము ముగ్గునకు పూర్వము తుంబవంటి పొలముగట్ల పూలు ఏరి తెచ్చెడివారు. నేడు తమిళనాటినుండి వచ్చు బంతిపూలను కొనుచున్నారు. మన పట్టణములందును గునుగు కట్టలు అంగడి సరుకైనవి.

2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడినది. ఆ యేటనే బతుకమ్మ రాష్ట్రపు పండుగయైనది, తంగేడు రాష్ట్రపుష్పమైనది. గునుగుకు అట్టి బిరుదు లేదు. అది నేటికిని కలుపు మొక్కయే. కలుపునకు చట్టము రక్ష కాజాలదు, పండుగ చేసికొనువారే రక్ష. గునుగు ఏటేటా గింజనుండి మొలవవలసిన మొక్క. పూవు కోయునపుడు గట్టు వెంట కొన్ని మొక్కలను గింజ రాలువరకు విడిచినచో మరుసటి ఏటికి విత్తనము నేలలోనే యుండును. చెరువులో బతుకమ్మను సాగనంపుచు మరల రమ్మని కోరుట మన ఆచారము. ఆమె మరల వచ్చుటకు గట్టున ఆపాటి చోటు విడుచుటయు పండుగలో భాగమే.