బ్రాడ్‌బ్యాండ్
బ్రాడ్ అంటే వెడల్పు, బ్యాండ్ అంటే పౌనఃపున్యాల శ్రేణి. ఒకే దారిలో ఎన్నో సంకేతాలు పంపగల సామర్థ్యానికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరిది. వేగం అనే అర్థం తర్వాత స్థిరపడింది. మన దేశంలో 2004 విధానం కనీస వేగాన్ని సెకనుకు 256 కిలోబిట్లుగా నిర్ణయించింది. 2013లో అది 512 అయింది, 2023లో 2 మెగాబిట్లు.

ఇప్పుడు ‘అర్థవంతమైన అనుసంధానం’ అనే మాటా వచ్చింది. 4జీ వేగం, స్మార్ట్‌ఫోన్, ఇంట్లోనో బడిలోనో పనిచేసే చోటనో అపరిమితంగా నెట్, రోజువారీ వాడకం: ఈ నాలుగూ దాని కొలతలు. ఒక ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పొలానికి వెళ్తే, కూతురి ఆన్‌లైన్ దరఖాస్తు సాయంత్రం దాకా ఆగాల్సిందే. చందాదారుల లెక్కలో మాత్రం ఆ ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఉన్నట్టే. అందుకే కనెక్షన్లతో పాటు, ఇంట్లో ఎవరెవరు ఏ పనికి వాడుకోగలుగుతున్నారో కూడా లెక్కించాలి.