కొయ్యదిమ్మ మీద పల్లెటూరు

పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో పల్లె బ్రతుకును ఇంటింటికీ చేర్చినవి చిత్రశాలలలోని తైలవర్ణ చిత్రాలు కావు; వారపత్రికలలో అచ్చయిన కొయ్యచెక్కడపు బొమ్మలు. న్యూయార్కులో 1857లో వెలసిన ‘హార్పర్స్ వీక్లీ’ ఇట్టి బొమ్మలకు పెట్టినది పేరు. విన్‌స్లో హోమర్ (1836–1910) అనే చిత్రకారుడు ఆ పత్రిక కోసం మొక్కజొన్న కండెల ఒలుపును, బడిపిల్లల ఆటలను, పండ్లు ఏరే పిల్లలను చిత్రించినాడు. ఆ బొమ్మలు నేటికీ ఆయన పేరనే చెలామణి అవుతున్నవి. కాని పాఠకుని కంటికి అందిన గీత మరొకని చేతిది.

ఆ చేతిపని ఎట్టిదో గ్రహిస్తేనే ఈ మాట బోధపడుతుంది. ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ (1753–1828) వ్యాప్తికి తెచ్చిన పద్ధతి ఇది. బాక్స్‌వుడ్ అనే గట్టి కలప మానును అడ్డంగా కోసి, నున్నగా చేసిన ఆ తలం మీద సన్నని ఉలితో చెక్కుతారు. చెక్కిన చోటు తెలుపు; విడిచిన చోటు నలుపు. అచ్చు అక్షరాలూ దిమ్మా ఒకే ఎత్తున ఉంటవి కనుక బొమ్మా మాటా ఒకే పుటలో ఒకేసారి అచ్చుపడతవి. ఆ చెట్టు మాను సన్నం. అందుచేత పెద్ద బొమ్మకు చిన్న దిమ్మలను మరలతో బిగించేవారు. వ్యవధి చాలనప్పుడు వాటిని విడదీసి, పలువురికి పంచి చెక్కించి, మరల కూర్చేవారు. కొన్ని పుటలలో ఆ అతుకు సన్నని తెల్లగీతగా నేటికీ కనబడుతుంది.

హోమర్ 1872లో చిత్రించిన ‘స్నాప్ ది విప్’లో పల్లె పిల్లలు చేతులు పట్టుకొని గొలుసుగా పరుగెత్తి హఠాత్తుగా ఆగుతారు, కొసనున్నవారు దొర్లిపడతారు. వెనుక ఎర్రని బడి. 1873 సెప్టెంబరు 20న అది పత్రికకు ఎక్కినది. దిమ్మను చెక్కినవాడు లగార్డ్. కొయ్యకు ఎరుపు లేదు. ఎండనూ, గడ్డినీ, పరుగునూ నలుపు తెలుపుల గీతలలోనే పలికించవలసి వచ్చినది.

ఇది అనువాదమే. అనువాదకుల తగవే చెక్కడపువారి నడుమ కూడ పుట్టినది. 1866లో ఇంగ్లండు నుండి అమెరికాకు వచ్చిన విలియం జేమ్స్ లింటన్ కవి, చెక్కడపు పనిలో ఆరితేరినవాడు. చిత్రాన్ని ఛాయాగ్రహణం ద్వారా దిమ్మ మీదికి దించి, కుంచె జాడను సైతం యథాతథంగా చెక్కే కొత్త తరాన్ని ఆయన 1879లో తీవ్రంగా విమర్శించినాడు. గీతకు తనదైన అర్థం ఉండాలి, ఉలి కూడ చిత్రించాలి అని ఆయన వాదం. అయితే కొత్తవారిలో తిమోతీ కోల్ వంటి నిపుణులు ఉన్నారు. మూలానికి అణగి ఉండుటలోనూ ఒక తపస్సు గలదని వారి పని చెబుతుంది.

శతాబ్దం ముగిసేనాటికి ఛాయాచిత్రాల హాఫ్‌టోన్ దిమ్మలు ఉభయుల జీవనోపాధినీ హరించినవి. తగవు తీరకుండానే వృత్తి అంతరించినది. ఆనాటి పల్లె మాత్రం వారి గీతలలో మిగిలి ఉన్నది. ఆ పుటను చూచేవారు చిత్రకారుని పేరుతోపాటు చెక్కినవాని పేరును కూడ వెదకుట న్యాయం. గ్రంథానువాదకుడు తన పాఠకుని నుండి కోరేదీ అంతకు మించినది కాదు.